ఆగాలంటే ఎంత దూరం కావాలి?

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. విశాలమైన తారురోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కనే వెళుతున్నాయి. ఒకదాని వేగం గంటకు 50 కిలోమీటర్లు, రెండవదాని వేగం 60. రెండూ సరిగ్గా ఒకే వరుసలో ఉన్న క్షణాన, ముందు కొంత దూరంలో ఒక గేదె రోడ్డు మీదికి వచ్చి అడ్డంగా నిలబడింది. డ్రైవర్లిద్దరూ ఒకేసారి దాన్ని చూశారు. ఇద్దరూ సమానమైన చురుకుదనం గలవాళ్ళే. రెండు కార్ల బ్రేకులూ, టైర్లూ ఒకే రకానివి. 50 మీద వస్తున్న కారు గేదెకు వెంట్రుకవాసి దూరంలో వచ్చి ఆగిపోయింది. రెండవది మాత్రం ఆగలేకపోయింది. అది గేదెను ఢీకొన్నప్పుడు దాని వేగం ఎంత ఉంటుంది?

"ఎంతుంటుంది? 10 కిలోమీటర్లు" అని చాలామంది టక్కున చెప్పేస్తారు. మీ నాన్నగారినో, బండి నడిపే మీ మామయ్యనో అడిగి చూడండి. వాళ్ళూ బహుశా అదే చెబుతారు. అసలు జవాబు గంటకు సుమారు 40 కిలోమీటర్లు! అంత వేగంతో ఢీకొనడం 20 అడుగుల ఎత్తునుంచి కిందపడడంతో సమానం. గేదె స్థానంలో బడికి వెళ్ళే పిల్లవాడు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. 10 కిలోమీటర్ల తేడా 40 ఎలా అయింది? ఇందులో గారడీ ఏమీ లేదు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్న సూత్రం ఒక్కటి చాలు.

చూడడానికీ, తొక్కడానికీ మధ్య

బండి ఆగే దూరంలో రెండు భాగాలున్నాయి. ప్రమాదాన్ని కన్ను చూసినప్పటినుంచి కాలు బ్రేకును నొక్కేవరకు బండి పరుగెత్తే దూరం మొదటిది. బ్రేకు పట్టుకున్న తరువాత బండి నిలిచేవరకు పోయే దూరం రెండవది.

మొదటిదాన్ని మీరు ఇంట్లోనే కొలవవచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుణ్ణి దాని పైకొన పట్టుకుని నిలువుగా వేలాడదీయమనండి. కిందికొన దగ్గర, సున్న గుర్తుకు ఇటూ అటూ, స్కేలును తాకకుండా మీ బొటనవేలినీ చూపుడువేలినీ ఉంచండి. అతడు చెప్పాపెట్టకుండా స్కేలును వదిలేయాలి. మీరు దాన్ని పట్టుకోవాలి. 15 సెంటీమీటర్ల గుర్తు దగ్గర పట్టుకున్నారంటే మీకు పట్టిన కాలం సెకనులో 0.17 వంతు. 20 దగ్గరైతే 0.2 వంతు. స్వేచ్ఛగా పడే వస్తువుల సూత్రంతో ఈ లెక్క మీరే కట్టవచ్చు. దూరాన్ని రెట్టించి, గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీస్తే సరి. ఇప్పుడు అదే ప్రయోగాన్ని ఎవరితోనైనా కబుర్లు చెబుతూ, లేదా పదిహేడవ ఎక్కం అప్పజెబుతూ చేసి చూడండి. స్కేలు ఎంత కిందికి జారిపోతుందో మీకే తెలుస్తుంది.

ఒకప్పుడు నరాలలో వార్త ప్రయాణించడానికి కాలమే పట్టదనుకునేవారు. 1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరం మీద ప్రయోగం చేసి, ఆ వేగం సెకనుకు సుమారు 27 మీటర్లేనని తేల్చాడు. మన నరాలలో వేగం ఇంతకంటే ఎక్కువే. కాని ఎక్కువ ఆలస్యం జరిగేది నరంలో కాదు, మెదడులో. "అది గేదె, అది కదలడం లేదు, నేను ఆగాలి" అని నిర్ణయించుకోవడానికి వ్యవధి కావాలి. ఆపైన కాలు ఆక్సిలరేటరు మీదనుంచి లేచి బ్రేకు మీదికి రావాలి. స్కేలు ప్రయోగంలో మీరు వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కాచుకున్నారు. రోడ్డు మీద డ్రైవరుకు ఆ అవకాశం ఉండదు. అందుకే చురుకైన డ్రైవరుకు కూడా ఒక సెకను పడుతుందని లెక్కవేసుకోవడం మంచిది. రోడ్లు వేసే మన ఇంజనీర్లు ఇంకా జాగ్రత్తపరులు. మలుపులలో ఎంత దూరం కనబడాలో నిర్ణయించేటప్పుడు వారు రెండున్నర సెకన్లు లెక్కలోకి తీసుకుంటారు.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అంటే బ్రేకు ముట్టుకోకముందే 17 మీటర్లు గడిచిపోయాయన్నమాట. మోగుతున్న ఫోను వంక రెండు సెకన్లు చూస్తే 33 మీటర్లు. కళ్ళకు గంతలు కట్టుకుని అంత దూరం నడపమంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

వేగం రెట్టింపు, దూరం నాలుగింతలు

ఇక రెండవ భాగం. కదిలే బండిలో గతిజశక్తి ఉంటుంది. అది ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణించినంత. బండి ఆగాలంటే ఆ శక్తి అంతా ఎక్కడికో పోవాలి. బ్రేకు చేసే పని ఘర్షణ ద్వారా దాన్ని వేడిగా మార్చడం. ఘర్షణ బలం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది కాబట్టి, ఎంత శక్తి ఉంటే అంత దూరం కావాలి. శక్తి వేగవర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి దూరమూ దాన్నే అనుసరిస్తుంది.

పొడి తారురోడ్డు మీద మంచి టైర్లున్న కారు సెకనుకు సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకోగలదనుకుందాం. అప్పుడు 30 కిలోమీటర్ల వేగంనుంచి ఆగడానికి బ్రేకుకు పట్టే దూరం 5 మీటర్లు. 60 నుంచి 20 మీటర్లు. 90 నుంచి 45 మీటర్లు. డ్రైవరు తీసుకునే ఒక సెకనును కూడా కలిపితే మొత్తం దూరాలు వరుసగా 13, 37, 70 మీటర్లు అవుతాయి.

మొదటి లెక్క ఇప్పుడు విప్పవచ్చు. 50 మీద వచ్చే కారు తొలి సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది, బ్రేకు కింద మరో 14 మీటర్లు పోయి 28 మీటర్ల దగ్గర ఆగుతుంది. గేదె ఉన్నది అక్కడే. 60 మీద వచ్చే కారు తొలి సెకనులోనే 17 మీటర్లు తినేసింది. బ్రేకుకు ఇక మిగిలింది 11 మీటర్లు, దానికి కావలసింది 20. ఆ 11 మీటర్లలో అది పోగొట్టుకోగలిగినది శక్తిలో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే. శక్తిలో సగం పోయినా వేగంలో సగం పోదు. వేగం ఇంకా 40 దగ్గరే ఉంటుంది. బ్రేకు వేగాన్ని ముందు నెమ్మదిగా, చివరి కొద్ది మీటర్లలో గబగబా తగ్గిస్తుంది. కీడంతా ఆ చివరి మీటర్లు దొరకకపోవడంలోనే ఉంది.

వాన పడితే ఈ ఘర్షణ దాదాపు సగమవుతుంది. బ్రేకు దూరం రెట్టింపవుతుంది. అందులోనూ చాలా రోజుల తరువాత కురిసే తొలకరి జల్లు మరీ ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి జిగటగా జారుతుంది. గట్టిగా కురిసిన వాన ఆ పొరను కడిగేస్తుంది. టైరుకూ రోడ్డుకూ మధ్య ఆనేది ఇంచుమించు మీ అరచేయంత మేర మాత్రమే అని గుర్తుంచుకోండి. టైరు మీది గాళ్ళు అందానికి పెట్టినవి కావు. ఆ కాస్త చోటునుంచి నీటిని పక్కలకు తోసే కాలువలు అవి. నున్నగా అరిగిన టైరు కింద నీరు పలుచని పొరలా నిలిచిపోతుంది.

ఇక్కడ మీలో చురుకైనవారికి ఒక సందేహం రావాలి. లెక్కలో ద్రవ్యరాశి రెండువైపులా వచ్చి కొట్టివేయబడుతుంది కదా, మరి నిండు లారీ కారు ఆగినంత దూరంలో ఆగదేం? సందేహం సరైనదే. టైరు ఘర్షణ ఒక్కటే లెక్కయితే ఆగాలి. కాని లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. గొట్టాల వెంట ఆ ఒత్తిడి చక్రాలకు చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. పైగా అంత బరువుతో పుట్టే వేడిని బ్రేకులు భరించాలి. లారీ ముందుకు దూసుకొచ్చి తటాలున ఆగే స్కూటరువాళ్ళు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

ఘాట్ రోడ్డులో రెండువందల లీటర్ల వేన్నీళ్ళు

ఆ వేడి ఎంతో ఊహించడానికి తిరుమల కొండ దిగుతున్న బస్సును తలచుకోండి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో ఏర్పడ్డాయి. ఇప్పుడు పాతదాన్ని దిగడానికి, కొత్తదాన్ని ఎక్కడానికి వాడుతున్నారు. కొండ ఎత్తు 600 మీటర్లకు పైనే. జనంతో కలిపి 10 టన్నుల బస్సు 600 మీటర్లు దిగితే పోగొట్టుకునే స్థితిజశక్తి 5 కోట్ల 88 లక్షల జౌళ్ళు. ఈ శక్తితో 200 లీటర్ల చన్నీళ్ళను మరిగే స్థితికి తేవచ్చు! ఇదంతా బ్రేకులలోనే వేడిగా మారితే ఏమవుతుంది? లైనింగు కాలి, దాని పట్టు సడలుతుంది. ఎంత నొక్కినా బండి ఆగదు. కార్లలోనైతే ఇంకో చిక్కు కూడా ఉంది. పెడలు నొక్కిన బలాన్ని చక్రాల దాకా మోసేది గొట్టాలలోని ద్రవం. ద్రవాలు నొక్కుడుకు లొంగవు. పాస్కల్ నియమం మీద ఆధారపడిన ఏర్పాటు ఇది. ఆ ద్రవం వేడికి మరిగి బుడగలు పుడితే, బుడగలు నొక్కుడుకు లొంగుతాయి, పెడలు మెత్తగా అడుగుకు పోతుంది. ఈ ద్రవం గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే కొన్నేళ్ళకొకసారి దాన్ని మార్చాలంటారు.

అనుభవం గల డ్రైవర్లు కొండ దిగేటప్పుడు తక్కువ గేరులో దిగుతారు. అప్పుడు చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఇంజను ఆ బరువుకు ఎదురు పనిచేసి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. వేడిలో పెద్ద భాగం బ్రేకులకు బదులు ఇంజను ద్వారా బయటికి పోతుంది. కాస్త ఇంధనం మిగులుతుందని ఇంజను ఆపేసి, గేరు తీసేసి దొర్లించేవాళ్ళు కూడా లేకపోలేదు. గాలి బ్రేకులున్న బండిలో ఇంజను ఆగితే గాలిని నింపే కంప్రెసరు కూడా ఆగిపోతుంది. వాళ్ళు మిగుల్చుకునేది ఏపాటిదో మీరే ఆలోచించండి.

చక్రం బిగుసుకుంటే

కంగారులో బ్రేకును అదిమి తొక్కితే చక్రాలు తిరగడం మానేసి ఈడ్చుకుపోతాయి. జారే వస్తువుకు ఉండే ఘర్షణ, జారని వస్తువుకు ఉండగలిగే గరిష్ఠ ఘర్షణ కంటే తక్కువ అని మీరు చదువుకున్నారు. అంతకంటే ముఖ్యం, బిగుసుకున్న ముందు చక్రాలను ఏ వైపు తిప్పినా బండి తిరగదు. రెండు చక్రాల బండి అయితే వెంటనే పడిపోతుంది. దీనికి విరుగుడుగా వచ్చినదే ఏబీఎస్ అనే బ్రేకు పద్ధతి. చక్రానికి పళ్ళున్న ఒక ఉంగరం, దాని పక్కన తిరుగుడును గమనించే ఒక చిన్న పరికరం ఉంటాయి. చక్రం బిగుసుకోబోతున్నదని తెలిసిన క్షణాన అది బ్రేకు ఒత్తిడిని వదిలి మళ్ళీ పడుతుంది, మళ్ళీ వదులుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. అప్పుడు కాలి కింద పెడలు దడదడలాడుతుంది. ఏదో చెడిపోయిందని భయపడి కాలు తీయకూడదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ కంటే పెద్ద మోటారు సైకిళ్ళకు దీన్ని తప్పనిసరి చేశారు. అయితే కంకర మీద, ఇసుక మీద ఏబీఎస్ ఉన్న బండి ఆగే దూరం పెరగవచ్చు. బిగుసుకున్న చక్రం ముందు ఇసుక కుప్పపడి అడ్డుకట్టలా పనిచేసేది, తిరిగే చక్రం ముందు ఆ కుప్ప పడదు.

1980 దశకంలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఒక ఆసక్తికరమైన పరిశీలన జరిగింది. ఒకే సంస్థకు చెందిన టాక్సీలలో కొన్నిటికి ఏబీఎస్ పెట్టి, కొన్నిటికి పెట్టకుండా కొన్నేళ్ళు గమనించారు. ఏబీఎస్ ఉన్న టాక్సీలకు ప్రమాదాలు తక్కువ జరుగుతాయని మీరూ నేనూ అనుకుంటాం. అలా జరగలేదు. రెండు రకాలకూ ప్రమాదాలు ఇంచుమించు సమానంగానే జరిగాయి. మంచి బ్రేకులున్నాయన్న ధీమాతో ఆ డ్రైవర్లు మలుపులు వేగంగా తిరిగారు, ముందు బండికి మరీ దగ్గరగా నడిపారు. యంత్రం సంపాదించి పెట్టిన మీటర్లను మనిషి ఖర్చుపెట్టేశాడన్నమాట.

దగ్గరగా అంటే ఎంత? బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఈ పరీక్ష చేయండి. ముందు పోయే బండి ఒక చెట్టునో స్తంభాన్నో దాటగానే "నూటొకటి, నూటరెండు" అని నిదానంగా లెక్కపెట్టండి. ఒక్కొక్క మాటకు దాదాపు ఒక సెకను పడుతుంది. "నూటరెండు" పూర్తికాకముందే మీ బస్సు ఆ స్తంభాన్ని చేరితే రెండు సెకన్ల ఎడం లేదన్నమాట. వానలో ఇంకా ఎక్కువ ఎడం కావాలి.

లోపలి మనిషి ఆగేదెలా?

ఇంతవరకు బండి ఆగడం గురించి చెప్పుకున్నాం. గుద్దుకుంటే బండి ఎలాగూ ఆగిపోతుంది. లోపలి మనిషి మాత్రం జడత్వం వల్ల అదే వేగంతో ముందుకు పోతాడు. అతడు ఎంత దూరంలో ఆగాడన్నదే అతని ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. సూత్రం మళ్ళీ అదే.

50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దుకుని, దాని ముందుభాగం 60 సెంటీమీటర్లు నలిగిందనుకోండి. బెల్టుతో సీటుకు కట్టుబడిన మనిషి కూడా ఆ 60 సెంటీమీటర్లలో ఆగుతాడు. అతని మీద పడే బలం అతని బరువుకు 16 రెట్లు. బెల్టు లేనివాడు డాష్‌బోర్డును కొట్టుకుని 5 సెంటీమీటర్లలో ఆగుతాడు. అతని మీద పడేది 200 రెట్లు. పసిబిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకుంటానని తల్లులు అంటారు. ఆ 16 రెట్ల లెక్కలో 8 కిలోల బిడ్డ ఆ క్షణానికి దాదాపు 130 కిలోలు తూగుతుంది. ఏ తల్లి చేతులు మోయగలవు?

మనిషి శరీరం ఎంత ఆపగలదో తేల్చినవాడు అమెరికా వైమానిక దళానికి చెందిన వైద్యుడు జాన్ స్టాప్. ఆయన ప్రయోగాలు తనమీదే చేసుకున్నాడు. 1954 డిసెంబరు 10న న్యూమెక్సికోలో, పట్టాల మీద పరుగెత్తే రాకెట్ బండిలో పట్టీలతో కట్టించుకుని కూర్చుని, గంటకు 1,017 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని, 1.4 సెకన్లలో ఆగాడు. ఒక దశలో ఆయన మీద బరువుకు 46 రెట్లు బలం పడింది. కళ్ళలో రక్తం చిమ్మి కొంతసేపు చూపు పోయింది, మళ్ళీ వచ్చింది. తమ దళంలో విమాన ప్రమాదాలలో కంటే కారు ప్రమాదాలలోనే ఎక్కువమంది పోతున్నారని గమనించిన స్టాప్, కార్లకు బెల్టులు కావాలని పట్టుబట్టిన తొలివారిలో ఒకడు.

కారు గట్టిగా, ఇనుప దిమ్మలా ఉంటే మంచిదని పూర్వం అనుకునేవారు. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బరెన్యి 1951లో అందుకు విరుద్ధమైన ఆలోచనకు పేటెంటు కోరాడు. మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా ఉండాలి, ముందూ వెనకా నలిగిపోవాలి. ఆ నలిగే మేరే మనిషి ఆగడానికి దొరికే దూరం. "ఈ కాలపు కార్లు అట్టపెట్టెల్లా నలిగిపోతున్నాయి" అని ఎవరైనా ఎకసక్కెం చేస్తే వారికి ఈ సంగతి చెప్పండి. 1959లో వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ భుజాన్నీ నడుమునూ కలిపి పట్టే మూడు కొసల బెల్టు తయారుచేశాడు. అంతకుముందు ఆయన యుద్ధవిమానాలనుంచి పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేశాడు. ఆ పేటెంటును ఇతర కంపెనీలు వాడుకోవడానికి వోల్వో అభ్యంతరం చెప్పలేదు. ఆ బెల్టు కొంచెం సాగుతుంది. అదీ దూరమే. ప్రమాదంలో కనురెప్ప మూసి తెరిచేలోగా ఉబ్బే గాలిసంచి బెల్టుకు తోడు మాత్రమే. బెల్టు లేకుండా దానిమీద పడితే అదే గాయపరచవచ్చు. మన దేశంలో వెనక సీటువారికీ బెల్టు నియమం ఉంది. వెనక కూర్చున్నవాడు బెల్టు లేకపోతే ముందువాడి వీపు మీదికి ఫిరంగి గుండులా వస్తాడు. బీప్‌మనే హెచ్చరికను నోరు మూయించడానికి బజారులో ఒట్టి కొక్కెం కొని గుచ్చేవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఆశ్చర్యమేస్తుంది.

స్కూటరుకు నలిగే ముందుభాగం లేదు, బెల్టు లేదు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో ప్రతి వందమందిలో 44 మందికి పైగా రెండు చక్రాల బండి మీదివారే. 1935లో 'అరేబియా లారెన్స్'గా పేరొందిన టి. ఇ. లారెన్స్ మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో ఒకరైన శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత ఇలాంటి మరణాలను పరిశోధించి, 1941లో హెల్మెట్ ప్రయోజనాన్ని లోకానికి చాటాడు.

"పక్క వీధికే కదా, మెల్లగానే పోతాను" అని హెల్మెట్‌ను అద్దానికి తగిలించుకునేవాళ్ళు అనేకులు. వారి కోసం చివరి లెక్క. స్కూటరు మీద కూర్చున్నవారి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటుంది. బండి నిలబడి ఉన్నా సరే, అక్కడినుంచి పడిన తల గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఉత్త తల రెండున్నర మిల్లీమీటర్లలో ఆగితే దానిమీద పడే బలం బరువుకు 600 రెట్లు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర రెండున్నర సెంటీమీటర్లు నలిగి ఆపితే 60 రెట్లు. హెల్మెట్ పైన కనబడే గట్టి డిప్ప కంటే లోపలి ఈ పొరే ముఖ్యం. ఐఎస్ఐ గుర్తు లేని రోడ్డు పక్క టోపీలలో అది సరిగా ఉంటుందన్న నమ్మకం లేదు. గడ్డం కింది పట్టీ బిగించకపోతే తల నేలను తాకేలోపే హెల్మెట్ ఊడి వేరే దారిన పోతుంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ, అంటే వెనక కూర్చుని బడికి వెళ్ళే మీరు కూడా, దీన్ని పెట్టుకోవాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించవచ్చు. లోపల నలిగిన థర్మోకోల్ మళ్ళీ ఉబ్బదు కనుక, దాన్ని పారవేసి కొత్తది కొనుక్కోవాలి.